తబలా నోట జపాను మాట

పెళ్ళి పందిరి ముందో, గణేశ మంటపం పక్కనో రసమంజరి కార్యక్రమం జరుగుతున్నప్పుడు వేదిక వెనుక వరుసను గమనించే అలవాటున్న బళ్ళారి శ్రోతకు ఒక మార్పు కనిపించే ఉంటుంది. ఒకప్పుడు ఆ వరుసలో తబలా ఒకరిది, ఢోలక్ ఒకరిది, కాంగో ఒకరిది, డ్రమ్స్ ఒకరివి. నేడు చాలా వేదికలపై ఆ నలుగురి స్థానంలో ఒక్కరే నిలబడి ఉంటారు. ఎదుట స్టాండుపై బిగించిన నల్లని పెట్టె, దానిపై రబ్బరు గళ్ళు, చేతిలో రెండు పుల్లలు. ఒక గడిని కొడితే తబలా, పక్క గడిని కొడితే ఢోలక్, ఆ పై గడిని కొడితే చప్పట్లు. వాద్యకారులు దానిని ‘ప్యాడ్’ అంటారు. జపానుకు చెందిన రోలాండ్ సంస్థ 1985లో ‘ఆక్టోప్యాడ్’ అనే పేరుతో ఈ తరహా పరికరాన్ని విపణిలోకి తెచ్చింది. 1998లో వచ్చిన ఎస్‌పీడీ-20 అనే నమూనా భారతదేశపు వేదికలపై విస్తారంగా వ్యాపించింది.

తబలా వాయించేవారికి పని తగ్గించిన పెట్టె ఏ దేశం నుండి వచ్చిందో, తబలాను ఎలక్ట్రానిక్ సంగీతానికి నడిమధ్యన కూర్చోబెట్టిన ఒక బృందం కూడా ఆ దేశం నుండే వచ్చింది. దాని పేరు ‘అసా-చాంగ్ అండ్ జున్‌రే’. జపానులోనే సామాన్య శ్రోతలలో అత్యధికులకు తెలియని పేరు అది. ఈ సరిహద్దు జిల్లాలో విన్నవారు మరీ అరుదు. అయినప్పటికీ, తెలుగు చెవితో ఒకసారి విన్నవారికి ఈ సంగీతం పూర్తిగా పరాయిదని తోచదు. అర్థం తెలియని భాషలో సాగే పాట ఇంత దగ్గరిదిగా ఎందుకు వినిపిస్తుందన్న ప్రశ్నకు సమాధానం సంగీతంలో సగం, భాషలో సగం ఉంది.

యాత్రకు బయలుదేరిన బృందం

అసా-చాంగ్ అనేది ఒక తాళవాద్యకారుని రంగస్థల నామం. 1980లలో ఏర్పడిన ‘టోక్యో స్కా ప్యారడైజ్ ఆర్కెస్ట్రా’ అనే పెద్ద బృందానికి ఆయన స్థాపకుడు, నాయకుడు. ‘స్కా’ అన్నది కరీబియన్ ద్వీపమైన జమైకాలో పుట్టిన నృత్య సంగీతం. బాకాలు, చురుకైన గిటారు దరువు దాని లక్షణాలు. ఆ ఆర్కెస్ట్రా జపానులో నేటికీ ప్రసిద్ధమే. అసా-చాంగ్ మాత్రం 1993లో దాని నుండి బయటికి వచ్చాడు. ఒక దశలో కేశాలంకరణ, ముఖాలంకరణ వృత్తిగా జీవించిన మనిషి కూడా ఆయనే. సంగీతాన్ని ఒకే దారిలో నేర్చుకున్నవాడు కాదని చెప్పడానికి ఈ ముక్క పనికి వస్తుంది.

1998లో ఆయన, గిటారు వాయిస్తూ యంత్ర సంగీతాన్ని కూర్చే హిదెహికో ఉరాయామా కలిసి కొత్త బృందాన్ని ఆరంభించారు. ‘జున్‌రే’ అంటే జపాను భాషలో తీర్థయాత్ర. యాత్రికుడు మూట మోసుకొని తిరిగినట్లు, ఈ బృందం తనకు కావలసిన ధ్వనియంత్రాన్ని తానే వెంట తీసుకొని తిరిగేది. వెంట మోసుకుపోదగిన ఆ స్పీకర్ల అమరికకు ‘జున్‌రే ట్రానిక్స్’ అని పేరు కూడా పెట్టుకున్నారు. 2000లో యూజాన్ అనే తబలా వాదకుడు వారితో చేరాడు. అక్కడితో ఆ బృందపు స్వరూపం స్థిరపడింది.

యూజాన్ టోక్యోకు సమీపంలోని సైతామా ప్రాంతంలో ఉన్న కవాగొయె పట్టణం వాడు. ఆయన గురువులు ఇద్దరు. ఒకరు కలకత్తాకు చెందిన పండిత్ అనిందో చటర్జీ, మరొకరు ఉస్తాద్ జాకిర్ హుస్సేన్. 2024 డిసెంబరులో కన్నుమూసిన జాకిర్ హుస్సేన్‌ను గూర్చి తెలుగు పాఠకులకు ప్రత్యేకించి చెప్పవలసింది లేదు. ఆయన వద్దకు వెళ్ళి కూర్చున్న శిష్యులలో ఒక జపాను యువకుడు ఉండడం వింత కాకపోవచ్చు. ఆ శిష్యుడు నేర్చినదానిని తన దేశంలోని సాంప్రదాయిక కచేరీలకు మాత్రమే పరిమితం చేయక, యంత్రధ్వనుల నడుమకు తీసుకుపోవడమే ఇక్కడి విశేషం.

‘హన’ అనే పాట

2001లో వెలువడిన ‘హన’ అనే పాటే ఈ బృందానికి గుర్తింపు తెచ్చింది. ఆ మరుసటి సంవత్సరం బ్రిటన్‌లోని లీఫ్ లేబుల్ అనే చిన్న సంస్థ ‘జున్ రే సాంగ్ చాంగ్’ అనే పేరుతో వారి రచనలను సంపుటిగా ప్రచురించడంతో జపాను వెలుపల కూడా కొద్దిమంది విన్నారు. హన అంటే పువ్వు.

పాట మొదలవగానే వయొలిన్ల సమూహం ఒకటి నెమ్మదిగా, దిగులుగా వినిపిస్తుంది. ఒకే చిన్న ఖండం తిరిగి తిరిగి వస్తూ ఉంటుంది. దానిపై ఒక స్త్రీ కంఠం, ఒక పురుష కంఠం మాట్లాడతాయి. పాడవు, మాట్లాడతాయి. మాటలు కూడా కొద్ది. పువ్వును గూర్చిన చిన్న చిన్న వాక్యాలు. అయితే ఆ మాటలు సహజమైన ప్రవాహంలో రావు. ఒక్కొక్క అక్షరం విడిగా తెగి, ఆగి, పడుతుంది. పడిన ప్రతి అక్షరంతో పాటు, సరిగ్గా అదే క్షణంలో, తబలా దెబ్బ పడుతుంది. కంఠం తొందరపడితే తబలా తొందరపడుతుంది. కంఠం తడబడినట్లు ఆగితే తబలా కూడా ఆగుతుంది. కొంతసేపటికి మాట ఎవరిదో, దెబ్బ ఎవరిదో విడదీయడం కష్టమవుతుంది. తబలాయే జపాను భాషలో మాట్లాడుతున్నదా అన్న భ్రమ కలుగుతుంది.

మొదటిసారి విన్నవారిలో కొందరికి ఇది భయం గొలుపుతుంది. టేపు ముడిపడి ఆగి ఆగి తిరుగుతున్నట్లు, జ్వరంలో ఉన్న మనిషి పలవరిస్తున్నట్లు ఉంటుంది. అది పొరపాటు అభిప్రాయం కాదు. అందులో విషాదం ఉన్న మాట నిజమే. కాని మన ప్రాంతపు శ్రోతకు ఆ విషాదం కంటే ముందుగా మరొకటి చెవిన పడుతుంది. అక్షరం, దెబ్బ జంటగా నడవడం ఇక్కడ కొత్త సంగతి కాదు.

దెబ్బకు ఒక అక్షరం

హిందుస్తానీ సంప్రదాయంలో తబలా పాఠం చేతితో మొదలుకాదు, నోటితో మొదలవుతుంది. ప్రతి దెబ్బకు ఒక పేరుంది. కుడి తబలా అంచున వేలితో కొడితే ‘నా’, రెండు తబలాలు కలిసి మ్రోగితే ‘ధా’, ఎడమ దానిని అరచేత్తో మూసి కొడితే ‘కె’. వీటినే ‘బోల్’ అంటారు. బోల్ అంటే పలుకు. శిష్యుడు ముందు ఆ పలుకులను లయ తప్పకుండా నోటితో చెప్పగలగాలి, ఆ తరువాతే చేతికి అనుమతి. దక్షిణాదిన మృదంగానికి ఇదే పద్ధతి. నోటితో చెప్పే జతులే ఒక ప్రత్యేక విద్యగా ఎదిగి ‘కొన్నక్కోల్’ అయింది. కూచిపూడి ప్రదర్శనలో నట్టువాంగం చెప్పేవారి పక్కన కూర్చున్న మృదంగ విద్వాంసుడు ప్రతి జతిని అక్షరానికి అక్షరంగా పలికించడం తెలుగువారు తరతరాలుగా చూస్తున్నదే.

శాస్త్రీయ సంగీతం దాకా పోనక్కరలేదు. సండూరు తాలూకాలోని దరోజి గ్రామానికి చెందిన ఈరమ్మను ఈ జిల్లా ఎరుగును. తెలుగు మాతృభాషగా గల బుడ్గ జంగమ కుటుంబంలో పుట్టి, కన్నడంలో బుర్రకథలు పాడి, కర్ణాటక రాజ్యోత్సవ పురస్కారం అందుకొని, 2014 ఆగస్టులో మరణించిన గాయని ఆమె. ఆమె కథ చెబుతుంటే వంతగా ఉన్న స్త్రీలు చర్మవాద్యాలపై ఆ మాటల నడకనే అనుసరించేవారు. కథలో గుర్రం పరుగెత్తితే వాద్యం పరుగెత్తుతుంది, తల్లి ఏడిస్తే వాద్యం నెమ్మదిస్తుంది. ఇంటి భాష ఒకటి, పాట భాష మరొకటి అయినా ఆ కథలు తడబడలేదు. మాట మారినా దరువు ఆ మాటను పట్టుకోగలదని ఈ సరిహద్దు ప్రాంతానికి దరోజి ఈరమ్మ కంటే మంచి నిదర్శనం మరొకటి అవసరం లేదు.

‘హన’లో జరిగింది ఈ పద్ధతికి తలక్రిందుల ప్రయోగం. సంప్రదాయంలో బోల్‌కు నిఘంటువులో అర్థం ఉండదు. ‘ధా’ అంటే ధాయే. జపాను బృందం అర్థం ఉన్న మాటలను తీసుకొని, వాటిని బోల్ లాగా ముక్కలు చేసింది. అర్థం కరగిపోయేంతవరకు అక్షరాలను విడదీసి, ఆ ముక్కలను తబలాకు అప్పగించింది. శ్రోత ఒక క్షణం మాటను వింటాడు, మరు క్షణం దరువును వింటాడు. ఆ రెంటి మధ్య ఊగడమే ఆ పాటలోని అనుభవం.

ఈ ప్రయోగానికి తబలానే ఎందుకు కావలసి వచ్చింది? మామూలు డ్రమ్ముతో ఇది సాధ్యపడదా? పడదు. దానికి కారణాన్ని వివరించినది సర్ సి.వి. రామన్. సాధారణంగా బిగించిన చర్మాన్ని కొడితే వెలువడే ఉపస్వరాలు ఒకదానితో ఒకటి పొసగవు. అందువల్ల అది ‘ధబ్’ అనే చప్పుడుగా మిగులుతుంది. తబలా, మృదంగాల చర్మం మధ్యలో పొరలు పొరలుగా అంటించిన నల్లని ముద్ద ఆ ఉపస్వరాలను క్రమబద్ధం చేస్తుంది. తీగవాద్యంలో వలె అవి మూలస్వరానికి దాదాపు పూర్ణాంకపు రెట్లలో నిలుస్తాయి. రామన్ ఈ సంగతిని 1920లో వెలువరించి, 1934లో మరింత వివరంగా వ్రాశారు. క్రమమైన ఉపస్వరాలు ఉన్నందుననే తబలాకు శ్రుతి ఉంది. వ్రేలు పెట్టే చోటును బట్టి ఏ ఉపస్వరం పైకి వస్తుందో మారుతుంది. మనిషి నోటిలో అచ్చులు మారేది కూడా ఇదే సూత్రంపైన. కంఠం ఒకటే అయినా నోటి ఆకృతి మారడంతో కొన్ని ఉపస్వరాలు బలపడి ‘ఆ’, ‘ఈ’ వేరువేరుగా వినిపిస్తాయి. ఇక ఎడమ చేతి డగ్గాపై మణికట్టును జరుపుతూ కొడితే స్వరం జారుతుంది. ప్రశ్న అడిగేటప్పుడు గొంతు పైకి లేచినట్లు ఉంటుంది. తబలా మాట్లాడుతున్నదనడం కేవలం కవి చమత్కారం కాదన్న మాట.

మాత్రలు లెక్కించే భాషలు

ఇంతవరకు చెప్పినది సంగీతానికి సంబంధించినది. భాషకు సంబంధించిన మిగిలిన సగం తెలుగువారికి మరింత ఆసక్తికరం.

జపాను భాషలో మాట పొడవును కొలిచే ప్రమాణం ఒకటుంది. హ్రస్వమైన అక్షరానికి ఒక కాలం. దీర్ఘమైతే రెండు కాలాలు. పదం నడుమ ద్విత్వం వస్తే దానికి అదనంగా ఒక కాలం. చివర ‘న్’ అనే పొల్లు వస్తే దానికీ ఒక కాలం. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలు, ద్విత్వానికి ముందున్న అక్షరం గురువు, పొల్లుతో కూడిన అక్షరం గురువు అని బడిలో నేర్చుకున్న తెలుగు విద్యార్థికి ఇది పాత పాఠమే. లెక్క వేసి చూడవచ్చు. జపానీయులు తమ దేశాన్ని ‘నిప్పొన్’ అంటారు. వారి లెక్కలో అది నాలుగు కాలాలు. తెలుగు లెక్కలో ‘నిప్’ గురువు, ‘పొన్’ గురువు, వెరసి నాలుగు మాత్రలు. టోక్యో నగరం పేరులో వారికి రెండు దీర్ఘాలు, నాలుగు కాలాలు. మనకు రెండు గురువులు, నాలుగు మాత్రలు. జున్‌రేకు సైతం అంతే. ‘హన’ రెండు లఘువులు, వారికీ రెండు కాలాలే. హైకూ అనే చిన్న పద్యంలో అయిదు, ఏడు, అయిదు అని లెక్కించేది ఈ కాలాలనే.

ప్రాసంగికంగా ఒక మాట. హిరోషిమా, నాగసాకి అని మన పత్రికలు వ్రాసే పేర్లు జపాను నోట అలా ఉండవు. వారికి అవి ‘హిరొషిమ’, ‘నగసకి’, అన్నీ హ్రస్వాలే. ఆంగ్లం గుండా వచ్చినందువల్ల వాటికి లేని దీర్ఘాలు అంటుకున్నాయి. నేరుగా విని వ్రాసి ఉంటే తెలుగు లిపి ఆ పేర్లను ఆంగ్ల లిపి కంటే నిక్కచ్చిగా పట్టుకొని ఉండేది.

మరొక పోలిక కూడా ఉంది. తెలుగు వలె జపాను భాషలో కూడా అత్యధిక పదాలు అచ్చుతో ముగుస్తాయి. ‘న్’ తప్ప మరొక హల్లు పదాంతంలో సాధారణంగా నిలవదు. అందువల్ల మాటను ముక్కలు చేసినప్పుడు ప్రతి ముక్కా ఒక పూర్తి అక్షరంగా, నోట పలకదగిన శబ్దంగా మిగులుతుంది. ఆంగ్ల వాక్యాన్ని ఇదే విధంగా నరికితే హల్లుల గుంపులు మిగిలి, తబలాకు చిక్కవు. ‘హన’ పాట పద్ధతికి జపాను భాష స్వభావమే అనుకూలించింది. తెలుగుకు సైతం అది అనుకూలిస్తుందని ఊహించడానికి పెద్ద సాహసం అక్కరలేదు. ఈ రెండు భాషలకు చుట్టరికం ఉన్నదని ఎవరూ భ్రమపడనక్కరలేదు. కాలాన్ని కొలిచే తీరులో సామ్యం ఉంది, ఇక్కడి వాదానికి అది చాలు.

యంత్రం చేసిన పని

ఇంత చెప్పిన తరువాత ఇందులో ఎలక్ట్రానిక్ అనదగినది ఏమున్నదన్న సందేహం సహజం. ‘హన’లో నృత్యశాలలో వినిపించే యంత్రపు దరువు లేదు. యంత్రం పని తెర వెనుక జరిగింది. కంఠాలను రికార్డు చేసి, అక్షరాలను కంప్యూటరులో కోసి, తిరిగి అమర్చడం. వయొలిన్ల ఖండాన్ని చక్రంలా తిప్పడం. మాటకు, దెబ్బకు నడుమ వెంట్రుకవాసి దూరం లేకుండా చేయడం యంత్రం చేసిన పనులు. కత్తెర యంత్రానిది, చేయి మనిషిది. సరిగ్గా ఈ పొందికలోనే ఆ బృందం సమకాలికుల నుండి వేరుపడింది.

అదే కాలంలో లండనులో భారతీయ సంతతి కళాకారులు తబలాను ఎలక్ట్రానిక్ సంగీతంలోకి తెచ్చారు. తల్విన్ సింగ్ రూపొందించిన ‘ఓకే’ అనే ఆల్బమ్ 1999లో బ్రిటన్‌కు చెందిన మెర్క్యురీ బహుమతిని గెలుచుకుంది. జాకిర్ హుస్సేన్ పాలుపంచుకున్న ‘తబలా బీట్ సైన్స్’ 2000లో వచ్చింది. అవి గొప్ప ప్రయత్నాలే. కాని వాటిలో అనేక చోట్ల యంత్రపు దరువు నేల కాగా, తబలా దానిపై నాట్యం చేస్తుంది. నేల యంత్రానిది కావడంతో కాలప్రమాణం కూడా యంత్రానిదే. ‘హన’లో కాలప్రమాణం మాటది. మాట ఊపిరిని బట్టి దరువు సాగుతుంది. ఈ ఒక్క విషయంలో అసా-చాంగ్ బృందం లండను కంటే దరోజికి దగ్గరగా ఉందని చెప్పవచ్చు.

జపాను, భారత సంగీతాల ఇచ్చిపుచ్చుకోవడం అసలు ఈ బృందంతో మొదలైనది కాదు. 1912లో నగొయా నగరానికి చెందిన గోరో మొరితా తీగలపై టైపురైటరు మీటల వంటివి బిగించి ‘తైషోగొతో’ అనే వాద్యాన్ని కనిపెట్టాడు. అది సముద్రం దాటి వచ్చి ‘బుల్‌బుల్ తరంగ్’ అయింది, ‘బెంజో’ అయింది. ఖవ్వాలీ గోష్ఠులలో దానిని విని ఆనందించినవారిలో ఎందరికి అది జపాను సరుకని తెలుసు?

ఎదురు దిశలో సాగిన ప్రయాణానికి 1978 నాటి ఉదాహరణ ఉంది. హరువోమి హొసొనో అనే సంగీతకారుడు, తదనోరి యొకో అనే చిత్రకారుడు భారతదేశ యాత్ర చేసి వచ్చిన తరువాత ‘కొచ్చిన్ మూన్’ అనే ఆల్బమ్ వెలువడింది. ఇంచుమించు పూర్తిగా సింథసైజర్లతో కూర్చిన సంగీతం అది. యాత్రలో హొసొనో జబ్బుపడ్డాడు. ఆ జ్వరపు కలవరమంతా ఆ ధ్వనులలో ఉంది. అందులోని ఒక రచన పేరు ‘హెపటైటిస్’, మరొక రచన పేరు మద్రాసులోని కాన్సుల్ జనరల్ గారి సతీమణిని తలచేది. 1953 దాకా మద్రాసు రాష్ట్రంలో భాగంగా ఉండిన బళ్ళారికి మద్రాసు కొత్త ఊరు కాదు. ఒక జపాను సింథసైజరు రికార్డులో ఆ పేరు తగలడం మాత్రం తప్పక ఆశ్చర్యపరుస్తుంది. ఆ సంవత్సరం నవంబరులోనే హొసొనో, ర్యూయిచి సకమొతో, యుకిహిరో తకహాషి కలిసి ‘యెల్లో మ్యాజిక్ ఆర్కెస్ట్రా’ పేర తొలి ఆల్బమ్ వెలువరించారు. ఆ ముగ్గురు ప్రపంచ ప్రసిద్ధులయ్యారు. ‘కొచ్చిన్ మూన్’ మాత్రం చాలాకాలం సేకరణకారుల అలమారలలోనే ఉండి, 2018లో అమెరికాలో పునర్ముద్రణ పొందింది.

మరి నాలుగేళ్ళకు, 1982లో, బొంబాయి సినీ వాద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ రోలాండ్ యంత్రాలు మూడింటిని ముందు పెట్టుకొని పది రాగాలను డిస్కో దరువుపై వాయించాడు. ఆ రికార్డును నాడు పట్టించుకున్నవారు లేరు. ఒక డచ్చి సేకరణకారుడు 2002లో దానిని కనుగొని, 2010లో తిరిగి ముద్రించినప్పుడు గాని ప్రపంచం నివ్వెరపోలేదు. షికాగోలో 1980ల చివర ‘యాసిడ్ హౌస్’ అనే పేరుతో ప్రభవించిన సంగీతానికి అది ఎంతో సన్నిహితంగా ఉంది. కారణం సరళమే, యంత్రం ఒకటే. రాగాల స్వరక్రమాన్ని ఆ యంత్రంలో పొందుపరిచిన మనిషి బొంబాయిలో ఉన్నాడని షికాగోకు తెలియదు. చరణ్‌జిత్ సింగ్ 2015లో మరణించే లోపల విదేశీ వేదికలపై ఆ సంగీతాన్ని వాయించే అదృష్టం దక్కించుకున్నాడు.

ఎవరి సొత్తు?

పరదేశీయులు తబలాను తీసుకుపోయి ఇష్టం వచ్చినట్లు వాడుకోవచ్చునా అని అడిగేవారుంటారు. ఆ ప్రశ్నను బళ్ళారిలో అడిగేటప్పుడు కొంత జాగ్రత్త అవసరం. ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు, బళ్ళారి రాఘవల వల్ల తెలుగు నాటకానికి ఈ ఊరు పుట్టిల్లు వంటిది. ఆ తెలుగు పద్యనాటకానికి ఊపిరిపోసిన హార్మోనియం అయిరోపా నుండి వచ్చిన వాద్యం. మన స్వరాలను అది పలకలేదన్న ఆక్షేపణతో 1940లో ఆకాశవాణి దానిని బహిష్కరించింది. ఆ నిషేధం మూడు దశాబ్దాలు సాగింది. ఆక్షేపణలో శాస్త్రబలం లేకపోలేదు. మెట్ల మీద నిలిచే వాద్యానికి గమకం రాదు. అయినా నాటకం దానిని విడువలేదు. ఆరు కట్టల శ్రుతిలో పద్యం ఎత్తుకునే నటుడికి హార్మోనియం పరాయిదని చెప్పి ఒప్పించగలవారు ఎవరూ లేరు. వాద్యం ఎక్కడ పుట్టినదన్న దాని కంటే వాయించేవాడు దానితో ఎన్నాళ్ళు గడిపాడన్నదే ఆ నటుడి తీర్పు.

ఆ తీర్పు ప్రకారం యూజాన్ నిలబడతాడు. సంవత్సరాల తరబడి కలకత్తాకు వచ్చి, గురువు ఇంట కూర్చొని, బోల్ నోటికి పట్టించుకొని, ఆ తరువాతే తన దేశపు మాటలను తబలాకు నేర్పాడు. పాటకు అత్తరు పూసినట్లు నాలుగు సితారు స్వరాలు, రెండు తబలా దెబ్బలు చిలకరించి ‘ప్రాచ్యం’ అని పేరు పెట్టే పాప్ రికార్డులు కొల్లలు. వాటికి, దీనికి పోలిక లేదు.

ప్యాడ్ విషయంలో ఇదే తీర్పు వర్తింపజేస్తే న్యాయం అంత తేలికగా తేలదు. ప్యాడ్‌లో ఉన్న తబలా ధ్వని ఎవరో ఒక వాదకుడు ఒకనాడు కొట్టిన దెబ్బ. అది రికార్డయి, చిప్పులో నిలిచిపోయింది. ఎన్నిసార్లు కొట్టినా అదే దెబ్బ వస్తుంది. బలంగా కొడితే పెద్దదిగా, మెల్లగా కొడితే చిన్నదిగా వస్తుంది, అంతవరకే. వ్రేలు అంగుళం జరిపితే మారే పలుకు అందులో లేదు. డగ్గాపై మణికట్టు జారినప్పటి గమకం ఒక గడిలో విడిగా బంధించి ఉంటుంది, కావలసిన చోట కావలసినంత సాగదు. సినిమా పాటకు ఆ లోటు కనిపించదు. మైకులు తక్కువ, శ్రుతి చేసుకునే తంటా లేదు, వ్యానులో చోటు కలిసి వస్తుంది, నలుగురికి ఇవ్వవలసిన పారితోషికం ఒకరికి ఇస్తే సరిపోతుంది. బృందం నడిపేవారిని తప్పుపట్టడం సులభం కాదు. పెళ్ళివారు ఇచ్చే మొత్తం వారికి తెలుసు. ప్యాడ్ వాయించడం విద్య కాదని కూడా అనరాదు. రెండు పుల్లలతో నాలుగు వాద్యాల పని చేయడానికి గట్టి లయజ్ఞానం కావాలి. వారిలో పలువురు మొదట తబలానో ఢోలకో నేర్చినవారే.

నష్టం మరొక చోట ఉంది. తబలా వాదకుడు వేదిక దిగిపోయినప్పుడు అతని వెంట బోల్ చెప్పే నోరు కూడా దిగిపోతుంది. కొడుకుకో, పొరుగింటి పిల్లవానికో సాయంత్రం వేళ నేర్పే పాఠం ఆగిపోతుంది. చిప్పులోని దెబ్బకు శిష్యులు పుట్టరు. నైపుణ్యం యంత్రంలోకి పోవడాన్ని ఎవరూ ఆపలేరు గాని, నైపుణ్యం ఉన్న మనిషికి యంత్రం పక్కన చోటు చూపించవచ్చునని జపాను బృందం ఒక మార్గంలో రుజువు చేసింది. ఆ బృందంలో కంప్యూటరు ఉన్నందువల్ల తబలా వాదకుడు అనవసరం కాలేదు. అతడు లేకపోతే కంప్యూటరుకు అతికించడానికి ఏమీ ఉండేది కాదు. రసమంజరి వేదికపై అటువంటి ప్రయోగం చేయమని ఎవరూ కోరరు. అయితే తెలుగు, కన్నడ పద్యాలను, పిల్లల పొడుపుకథలను, సంత కేకలను అక్షరానికొక దెబ్బగా తబలాపై పలికించడానికి ఖరీదైన సామగ్రి అక్కరలేదు. ఒక సెల్‌ఫోను, ఉచితంగా దొరికే ధ్వని సవరణ సాఫ్టువేరు, చేయి తిరిగిన ఒక వాదకుడు చాలు.

వినదలచినవారికి

ఈ బృందాన్ని ఆంధ్ర, కర్ణాటకలలో కొత్తగా కనుగొంటున్నవారిలో కొందరు జపాను యానిమేషన్ ధారావాహికల అభిమానులు. 2013లో ప్రసారమైన ‘అకు నో హన’ అనే ధారావాహికకు ముగింపు సంగీతంగా ‘హన’కు కొత్త రూపాన్ని వాడారు. కథ ముగిసి పేర్లు పడుతుండగా ఆ తబలా వినబడి, ఇది మన వాద్యం కదా అని వెదికినవారికి ఆ దారి వెంట అసలు పాట దొరికింది. అప్పటికే బృందం రూపు మారింది. 2009లో ‘కగె నో నై హితొ’ అనే ఆల్బమ్ వచ్చిన తరువాత, 2010లో యూజాన్ తప్పుకున్నాడు. అసా-చాంగ్ ఇతర సభ్యులతో యాత్ర కొనసాగించాడు. యూజాన్ 2014లో ‘తబలా రాక్ మౌంటెన్’ పేర తన సొంత ఆల్బమ్ వెలువరించాడు.

మొదట వినవలసినది 2001 నాటి ‘హన’యే. యానిమేషన్ రూపం తరువాత వినవచ్చు. సెల్‌ఫోను స్పీకరులో డగ్గా ధ్వని దాదాపు వినిపించదు కాబట్టి హెడ్‌ఫోన్లు పెట్టుకోవాలి. తొలి విడత మాటలను వదలి ఎడమచేతి దెబ్బలను మాత్రమే అనుసరించాలి. రెండవ విడత దెబ్బలను వదలి వయొలిన్ల ఖండం ఎక్కడ మొదలై ఎక్కడ తిరిగి వస్తున్నదో పట్టుకోవాలి. మూడవ విడత, అర్థం తెలియకపోయినా, కంఠాలతో పాటు అక్షరాలను మెల్లగా నోటితో చెబుతూ వేళ్ళపై మాత్రలు లెక్కించాలి. ఆ తరువాత అదే సంపుటిలోని ‘గూ-గుంగ్-గుంగ్’ వినవచ్చు. దాని పేరే డగ్గా మీద పడిన దెబ్బలా వినిపిస్తుంది.